క్రెడిట్ల లెక్క, కోర్సు కోడ్ల కథ

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మాస్టారూ, ఈసారి మీరు ఏదైనా పనికొచ్చే విషయం మాట్లాడాలి. పాత పోస్టింగుల కబుర్లు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నారు. నేను వైమానిక దళంలో ఎడ్యుకేషన్ ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి వారంట్ ఆఫీసరుగా రిటైరయిన వాణ్ణి. సర్వీసంతా తుపాకీ కంటే చాక్‌పీసు ఎక్కువగా పట్టుకున్నాను. అందుకే ఈనాటికీ నన్ను ర్యాంకు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, మాస్టారని పిలిచేవాళ్లు ఎక్కువ. ఆ మాటకు తగ్గట్టు ఈ వేళ ఒక చదువు సంగతే చెబుతాను. యూనివర్సిటీ కాగితాల మీద కనిపించే రెండు విషయాలు: ఒకటి కోర్సు కోడు, రెండోది క్రెడిట్. వినడానికి గుమాస్తా వ్యవహారంలా ఉంటుంది. కానీ ఈ రెండూ సరిగా చదవక నేను ఒక మనిషికి చేసిన నష్టం ఉంది. ముందు అది చెప్పుకోవాలి.

నేను చేసిన పొరపాటు

2004లో నేను ఉత్తరాదిన ఒక స్టేషన్‌లో ఉన్నాను. అక్కడ ప్రకాశం జిల్లా కుర్రాడొకడు కార్పొరల్‌గా ఉండేవాడు. ఇంటర్ అయ్యీ అవకుండానే దళంలో చేరాడు. డిగ్రీ చెయ్యాలని పట్టుదల. ఒక దూరవిద్యా విశ్వవిద్యాలయంలో బి.ఏ.కు చేరాడు. అతని ఫారాలన్నీ నేనే నింపేవాణ్ణి. స్టేషన్‌లో అందరి ఫారాలూ నేనే నింపేవాణ్ణి లెండి. రెండో ఏడు రీ-రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడిన వారంలోనే అతనికి పోస్టింగ్ ఆర్డరు వచ్చింది. క్లియరెన్స్ చీటీ పట్టుకుని సెక్షన్ సెక్షన్‌కీ తిరుగుతున్నాడు. "నువ్వు సంతకం పెట్టి వెళ్లు తమ్ముడూ, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. ఆ రాత్రి మెస్ నుంచి వచ్చి, జాబితా చూసి కోడ్లు రాసేశాను. ఒక చోట చివరి అంకె ఒకటి తేడాగా పడింది.

ఆ తేడా అంకెకు కూడా ఒక పేపరు ఉంది. అదే సబ్జెక్టు, ఇంచుమించు అదే పేరు. పుస్తకాలు వచ్చాయి. అతను చదివాడు, పరీక్ష రాశాడు, మంచి మార్కులతో పాసయ్యాడు. పేపర్ల సంఖ్య లెక్క పెట్టుకుంటే సరిపోయింది. ఇద్దరం సంతోషించాం. మార్కుల కాగితంలో మార్కుల పక్కన ఇంకో సన్నటి గడి ఉంటుంది, దానిపైన క్రెడిట్లు అని రాసి ఉంటుంది. ఆ గడి అతనూ చూడలేదు, నేనూ చూడలేదు. చూసి ఉంటే అక్కడ 8 ఉండవలసిన చోట 4 ఉన్నదని తెలిసేది.

2010లో ఇరవై ఏళ్లు పూర్తి చేసి డిశ్చార్జి అయ్యాడు. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో జూనియర్ ఆఫీసర్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు, ఇంటర్వ్యూ కూడా అయింది. సర్టిఫికెట్ల పరిశీలనకు డిగ్రీ కావాలి. అప్పుడు తీరుబడిగా కూర్చుని డిగ్రీకి అప్లై చేస్తే అసలు సంగతి బయటపడింది. కావలసినవి 96 క్రెడిట్లు, అతని ఖాతాలో ఉన్నవి 92. నాలుగు క్రెడిట్లు తక్కువ. పట్టా రాదు. నోటిఫికేషన్‌లో ఫలానా తేదీ నాటికి డిగ్రీ ఉండాలని స్పష్టంగా ఉంది. మిగిలిన ఆ ఒక్క పేపరూ తరువాతి దఫాలో రాసి పాసయ్యాడు, పట్టా చేతికొచ్చింది. అప్పటికి ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరిపోయారు.

నాలుగు క్రెడిట్లంటే దూరవిద్య లెక్కలో 120 గంటల చదువు. రోజుకు గంట చొప్పున నాలుగు నెలలు. ఇరవై ఏళ్లు డ్యూటీ చేసిన మనిషికి నాలుగు నెలల సాయంత్రాలు ఒక లెక్కా? ముందే తెలిసి ఉంటే ఏ లెక్కా కాదు. విషయం తెలిసిన రోజు నేను ఫోన్ చేసి క్షమించమన్నాను. "మాస్టారూ, సంతకం నాదే కదా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ మాటే నన్ను ఇక్కడ నిలబెట్టింది.

క్రెడిట్ అంటే ఏమిటి

క్రెడిట్ అనగానే మనకు బ్యాంకు గుర్తొస్తుంది. అది కొంత వరకు సరైన పోలికే. క్రెడిట్ అంటే మార్కు కాదు, ఒక పేపరు మీద మనిషి వెచ్చించవలసిన సమయానికి కొలత. మార్కులు మీరు ఎంత బాగా చదివారో చెబుతాయి, క్రెడిట్లు ఎంత చదువు అయిందో చెబుతాయి. పేపరు పాసయితే దాని క్రెడిట్లన్నీ ఖాతాలో పడతాయి. నలభై మార్కులతో పాసైనా, తొంభై మార్కులతో పాసైనా క్రెడిట్లు అవే. ఫెయిలయితే సున్నా.

ఈ కొలత ఎక్కడ పుట్టిందో చెబితే ఈ సభలో అందరికీ సరదాగా ఉంటుంది. అమెరికాలో ఇది స్థిరపడటానికి ఒక ముఖ్య కారణం పెన్షన్! 1905లో ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పెన్షన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో ఏర్పడిన సంస్థకు మొదటి చిక్కు ఏమిటంటే, ఏది కాలేజీ, ఏది కాదు అని తేల్చడం. అప్పట్లో పేరుకు కాలేజీలు చాలా ఉండేవి. అందుకని, హైస్కూల్లో ఇన్ని గంటల చదువు పూర్తి చేసినవాళ్లనే చేర్చుకోవాలి, అలా చేర్చుకునేదే కాలేజీ, దాని ప్రొఫెసర్లకే పెన్షన్ అని షరతు పెట్టారు. ఒక సబ్జెక్టుకు ఏడాదికి 120 గంటలు ఒక యూనిట్ అన్నారు. పెన్షన్ మీద ఆశతో కాలేజీలన్నీ ఆ కొలతకు వచ్చాయి. అదే ఆలోచన కాలేజీ చదువులోకి కూడా వచ్చి క్రెడిట్ అవర్‌గా నిలబడింది. కాబట్టి పెన్షనర్లకు ఈ విషయం పరాయిది కాదు.

మన దేశంలో మామూలు కాలేజీల్లో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం, సుమారు పదిహేను వారాల సెమిస్టరు. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. ఇంజనీరింగ్ చదివే పిల్లల సిలబస్ పుస్తకంలో ఎల్, టి, పి, సి అని నాలుగు గడులు ఉంటాయి. ఎల్ అంటే పాఠం, టి అంటే ట్యుటోరియల్, పి అంటే ప్రాక్టికల్, సి అంటే క్రెడిట్లు. 3-0-0-3 అని ఉంటే వారానికి మూడు గంటల పాఠం, మూడు క్రెడిట్లు. 0-0-3-1.5 అని ఉంటే మూడు గంటల ల్యాబు, ఒకటిన్నర క్రెడిట్. ఇంతే రహస్యం.

దూరవిద్యలో తరగతి గది లేదు కదా, మరి గంటలు ఎలా? ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మన ఇగ్నో, ఒక క్రెడిట్‌కు 30 గంటలు లెక్క కట్టింది. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, కౌన్సెలింగ్ తరగతికి వెళ్లడం అన్నీ అందులోకే వస్తాయి. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్కు కూడా ఇదే కొలత తీసుకుంది. ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. అంటే రోజుకు మూడు గంటల పైచిలుకు. డ్యూటీ చేస్తూ చదివే తమ్ముళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి. ఒక్క ఏడాదిలో 40 క్రెడిట్లకు ఫీజు కట్టే ముందు, రోజుకు మూడు గంటలు మనకు మిగులుతాయా అని అడుక్కోండి. మిగలవంటే నెమ్మదిగా చెయ్యండి. గరిష్ఠ కాలపరిమితి ఎంతో చూసుకుని దానిలోపల సర్దుకోండి.

ఇంకో మాట. సగటు గ్రేడు లెక్కలో కూడా క్రెడిట్లదే పెత్తనం. నాలుగు క్రెడిట్ల పేపర్లో 6 పాయింట్లు, రెండు క్రెడిట్ల పేపర్లో 9 పాయింట్లు వచ్చాయనుకోండి. సగటు ఏడున్నర అనుకుంటాం. కాదు. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, రెండు తొమ్మిదులు పద్దెనిమిది, మొత్తం నలభై రెండు. ఆరుతో భాగిస్తే ఏడే. అందుచేత బరువైన పేపరు మీద బరువుగానే కూర్చోవాలి.

కోడు అంటే పార్ట్ నంబరే

ఇక కోర్సు కోడు. ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. మనం "ఏ కోర్సు చదువుతున్నావు?" అంటే "బి.ఏ." అంటాం. యూనివర్సిటీ భాషలో బి.ఏ. అనేది ప్రోగ్రామ్. అందులోని ఒక్కొక్క పేపరు కోర్సు. ఫారంలో ప్రోగ్రామ్ కోడు ఒక చోట, కోర్సు కోడ్లు ఇంకో చోట ఉంటాయి. మొదటి తడబాటు ఇక్కడే మొదలవుతుంది.

మన ఇక్విప్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసినవాళ్లకు కోడు సంగతి చెప్పనక్కర లేదు. ఇండెంటులో పార్ట్ నంబరు ఒక అంకె తప్పు రాస్తే ఏమవుతుంది? కాగితం వెనక్కి రాదు, వేరే పార్టు వస్తుంది. అదే తంటా. తప్పు కోడు రాస్తే కంప్యూటరు తప్పని చెప్పదు. ఆ కోడుకు ఏ పేపరు ఉందో అది పంపుతుంది.

ఇగ్నోలో 2019 నుంచి వచ్చిన డిగ్రీ కోడ్లలో ఒకటి ఉదాహరణకు తీసుకుందాం. బి.హెచ్.ఐ.సి.-131. బి అంటే బ్యాచిలర్ స్థాయి. హెచ్.ఐ. అంటే హిస్టరీ. సి అంటే కోర్, తప్పనిసరి పేపరు. ఇప్పుడు అంకె చూడండి. 131 నుంచి మొదలయ్యేవి సాధారణ బి.ఏ. వాళ్లకు. 101 నుంచి మొదలయ్యేవి చరిత్ర ఆనర్స్ వాళ్లకు. రెండూ ప్రాచీన భారత చరిత్రతోనే మొదలవుతాయి, రెండింటికీ ఆరు క్రెడిట్లే. అయినా ఒకరి పేపరు ఇంకొకరు రాస్తే అది వాళ్ల గడిలో పడదు. అలాగే బి.పి.ఏ.జి.-171 అనేది విపత్తు నిర్వహణ. పి.ఏ. అంటే ప్రభుత్వ పాలనాశాస్త్రం, జి అంటే జనరిక్ ఎలెక్టివ్, అంటే ఇతర విభాగం నుంచి ఎంచుకునేది. సైన్సులో బి.పి.హెచ్.సి.టి.-131 భౌతికశాస్త్రం థియరీ, నాలుగు క్రెడిట్లు. బి.పి.హెచ్.సి.ఎల్.-132 దాని ల్యాబు, రెండు క్రెడిట్లు. టి ఉంటే థియరీ, ఎల్ ఉంటే ల్యాబు. రెండూ కలిస్తేనే ఆరు.

ఇక్కడ గడి అన్నాను కదా, అది ముఖ్యం. ఆ బి.ఏ. సాధారణ డిగ్రీకి మొత్తం 132 క్రెడిట్లు. కానీ ఏవో 132 పోగేస్తే సరిపోదు. కోర్ పేపర్లు 72, ఎలెక్టివ్‌లు 24, జనరిక్ 12, నైపుణ్య పేపర్లు 16, భాషా సామర్థ్యం, పర్యావరణం కలిపి 8. ఏ గడి ఆ గడి నిండాలి. లంగరులో రేషన్ లాంటిదే ఇది. ఉల్లిపాయలు రెట్టింపు ఉన్నాయి కదా అని పప్పు లేకపోయినా సరిపెట్టుకోలేం.

మొత్తం సంఖ్య కూడా కాలాన్ని బట్టి, పద్ధతిని బట్టి మారుతుంది. మా కాలంలో డిగ్రీకి 96 క్రెడిట్లు చూశాం. తరువాత 132 వచ్చింది. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. కాబట్టి మీ అన్న ఎన్ని క్రెడిట్లతో పాసయ్యాడన్నది మీకు ప్రమాణం కాదు. మీరు చేరిన సంవత్సరపు ప్రోగ్రామ్ గైడే మీకు ప్రమాణం. ఇంజనీరింగ్ పిల్లలకు ఆర్-18 వంటి రెగ్యులేషన్ పేర్లు ఉండేది కూడా ఇందుకే. మధ్యలో ఏడాది ఆగి మళ్లీ చేరితే కొత్త రెగ్యులేషన్ కింద పడవచ్చు. అప్పుడు పాత పేపరుకు బదులు కొత్తది రాయవలసి వస్తుంది. ఎందుకు రాయమంటున్నారో తెలియక పిల్లలు, తల్లిదండ్రులు గాబరా పడతారు.

మాట ఒకటే, తూకం వేరు

మన పిల్లలు ఇప్పుడు అమెరికా, ఇంగ్లాండు, జర్మనీ దాకా వెళుతున్నారు. అక్కడ కూడా క్రెడిట్లే. కానీ ఊరు మారితే శేరు తూకం మారినట్టు, దేశం మారితే క్రెడిట్ తూకం మారుతుంది. 120 అనే ఒక్క అంకె తీసుకోండి. మన దేశంలో 120 అంటే మూడేళ్ల డిగ్రీ. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో 120 అంటే నాలుగేళ్ల డిగ్రీ. ఇంగ్లాండులో 120 అంటే ఒక్క ఏడాది చదువు, ఆనర్స్ డిగ్రీకి అక్కడ 360. కారణం గంటలే. ఇంగ్లాండులో ఒక క్రెడిట్‌కు 10 గంటలు. యూరప్ పద్ధతిలో 25 నుంచి 30 గంటలు, ఏడాదికి 60 క్రెడిట్లు. అమెరికాలో వారానికి ఒక గంట తరగతి, దానికి ఇంటి దగ్గర రెండు గంటల చదువు, పదిహేను వారాలకు మొత్తం సుమారు 45 గంటలు. అందుచేత అంకెలు చూసి "మా వాడికి ఎక్కువ, మీ వాడికి తక్కువ" అని పోల్చకండి. గంటలు చూసి పోల్చండి.

అమెరికాలో కోడు చదవడం కొంచెం తేలిక. సబ్జెక్టు పేరుకు రెండు మూడు అక్షరాలు, తరువాత అంకె. చాలా చోట్ల 100, 200లతో మొదలయ్యేవి డిగ్రీ మొదటి రెండేళ్లవి, 500 ఆపైన పి.జి. వాళ్లవి. ఎం.ఎస్. చదివే పిల్లలు సులువుగా ఉందని కింది అంకె పేపరు తీసుకుంటే, అది డిగ్రీ లెక్కలోకి రాకపోవచ్చు. ఫీజు మాత్రం పడుతుంది.

మన సర్వీసు, మన క్రెడిట్లు

ఇక మనకు సంబంధించిన విషయం. మనం సర్వీసులో నేర్చుకున్నది చదువు కాదా? ఇంజను విప్పి బిగించినవాడికి, రాడార్ నడిపినవాడికి, ఆసుపత్రిలో రోగుల్ని చూసుకున్నవాడికి క్రెడిట్ ఉండదా? అమెరికాలో 1940ల నుంచే సైనిక శిక్షణను తూచి, దీనికి కాలేజీలో ఇన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చని సిఫారసు చేసే ఏర్పాటు ఉంది. మన దేశంలో అధికారుల శిక్షణకు యూనివర్సిటీ గుర్తింపు చాలాకాలంగా ఉంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ క్యాడెట్లకు జె.ఎన్.యూ. పట్టా ఇస్తుంది. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి మద్రాసు విశ్వవిద్యాలయం, మన సికింద్రాబాదులోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టాలు ఇస్తున్నాయి.

జవాన్ల వైపు అడుగులు ఆలస్యంగా పడ్డాయి. 2009లో సైన్యం, ఇగ్నో కలిసి జ్ఞానదీప్ పేరుతో సర్వీసు శిక్షణకు గుర్తింపు ఇచ్చే పథకం మొదలుపెట్టాయి. 2022లో అగ్నిపథ్ వచ్చినప్పుడు అగ్నివీరుల కోసం ఇగ్నో ద్వారా ప్రత్యేక డిగ్రీ ప్రకటించారు. అందులో సగం క్రెడిట్లు దళంలో పొందిన నైపుణ్య శిక్షణ నుంచి, మిగతా సగం పేపర్లు చదివి తెచ్చుకోవాలి. మొదటి ఏడాదితో ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లతో డిప్లొమా, మూడేళ్లతో డిగ్రీ. నాలుగేళ్లకే బయటికి వచ్చే కుర్రవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర లేదు. కానీ ఒక్కటి గమనించండి. సగం మాత్రమే సర్వీసు ఇస్తుంది. రెండో సగం కోడు చూసి, ఫారం నింపి, పరీక్ష రాసి తెచ్చుకోవాలి. "దళమే డిగ్రీ ఇచ్చేస్తుందట" అనుకుని కూర్చుంటే సగంలోనే ఉండిపోతాం.

మా తరం వాళ్లలో ఇంకో అపోహ ఉంది. "పదిహేనేళ్లు చేస్తే డిగ్రీతో సమానమే కదా మాస్టారూ" అంటారు. 1986 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం, మెట్రిక్ పాసై పదిహేనేళ్ల సర్వీసు ఉన్న మాజీ సైనికుణ్ణి, డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సి ఉద్యోగాలకు అర్హుడిగా తీసుకోవచ్చు. అది కూడా సాంకేతిక, వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని ఉద్యోగాలకే. చాలా మంచి సౌకర్యం. చాలామంది ఇళ్లు నిలబెట్టింది. కానీ అది ఉద్యోగం వరకు ఇచ్చిన సమానత్వం. అది డిగ్రీ కాదు, అందులో ఒక్క క్రెడిట్ కూడా లేదు. దాంతో ఎం.ఏ.లో చేరలేరు, బి.ఎడ్.లో చేరలేరు, ఆఫీసర్ స్థాయి ఉద్యోగానికి చూపించలేరు. నేను మొదట చెప్పిన తమ్ముడికి ఆ సర్టిఫికెట్ ఉంది. ఆ నోటిఫికేషన్‌కు అది చెల్లలేదు.

బదిలీల మీద బతికే మనకు 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మంచి ఏర్పాటు. పన్నెండు అంకెల ఖాతా ఉంటుంది. నమోదైన విద్యాసంస్థలు మీ క్రెడిట్లను అందులో జమ చేస్తాయి. ఒక చోట ఆపిన చదువు ఇంకో చోట, అక్కడి నిబంధనలకు లోబడి, కొనసాగించవచ్చు. స్వయం పోర్టల్‌లో చదివిన పేపర్ల క్రెడిట్లు కూడా, మీ యూనివర్సిటీ ఒప్పుకుంటే, ఒక సెమిస్టరులో 40 శాతం వరకు తీసుకోవచ్చు. అయితే జమ అయిన క్రెడిట్లకు గరిష్ఠంగా ఏడేళ్లే ఆయుష్షు. వాడకపోతే మురిగిపోతాయి. మన సెలవుల లాగే!

మళ్లీ ఆ తమ్ముడే

2023లో ఒక రాత్రి నాకు ఫోన్ వచ్చింది. మళ్లీ ఆ తమ్ముడే. ఇప్పుడు ఒక బ్యాంకులో గుమాస్తాగా ఉన్నాడు. కూతురు అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. "మాస్టారూ, మా పిల్లకు ఒక సబ్జెక్టు కష్టంగా ఉందట. వదిలేస్తానంటోంది. వదిలేస్తే ఏమవుతుంది? మీరొకసారి ఆ కాగితాలు చూడండి" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. "నన్నే అడుగుతున్నావా తమ్ముడూ?" అన్నాను. "ఒకసారి పొరపాటు చేసినవాళ్లే రెండోసారి జాగ్రత్తగా చూస్తారు మాస్టారూ" అన్నాడు.

ఆ పిల్ల పంపిన కాగితం ముందు పెట్టుకుని, ఈసారి మార్కులు వదిలేసి ముందుగా క్రెడిట్ల గడి చూశాను. మూడు పేపర్లు, ఒక్కొక్కటి మూడు, మొత్తం తొమ్మిది. వాళ్ల యూనివర్సిటీలో పి.జి. విద్యార్థి పూర్తికాలపు విద్యార్థి అనిపించుకోవాలంటే తొమ్మిది ఉండాలి. ఒకటి వదిలేస్తే ఆరు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు పూర్తికాలపు విద్యార్థులుగా ఉండాలి. క్రెడిట్లు తగ్గించుకోవాలంటే ముందుగా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా వదిలేస్తే వీసా హోదాకే ముప్పు. ఆ పిల్లకు అదే చెప్పాను. "అమ్మా, బటన్ నొక్కే ముందు ఆ అధికారి దగ్గరకు వెళ్లు" అన్నాను. వెళ్లింది. మాట్లాడింది. చివరకు వదలకుండానే కష్టపడి గట్టెక్కింది. తండ్రి మళ్లీ ఫోన్ చేసి, "ఈసారి లెక్క సరిపోయింది మాస్టారూ" అన్నాడు.

గుర్తుపెట్టుకోవలసినవి

సోదరులారా, చివరగా అయిదు మాటలు. ఒకటి, చేరిన రోజే మీ ప్రోగ్రామ్ గైడు దాచుకోండి. చదువు అయ్యేదాకా అదే మీ స్టాండింగ్ ఆర్డరు. రెండు, ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి: కోడు, పేపరు పేరు, ఏ గడి కింద పడుతుంది, ఎన్ని క్రెడిట్లు. ప్రతి ఫలితం వచ్చాక కూడిక వేసుకోండి. మూడు, ఫారం ఎవరు నింపినా సరే, సంతకం పెట్టే ముందు ప్రతి కోడూ గైడుతో అక్షరం అక్షరం, అంకె అంకె సరిచూసుకోండి. మాస్టారు నింపారు కదా అనుకోకండి! నాలుగు, దళంలో చేసిన ప్రతి ట్రేడ్ కోర్సుకూ, ప్రతి శిక్షణకూ కాగితం తీసుకుని భద్రపరచండి. రేపు దాన్ని క్రెడిట్లుగా మార్చే దారి దొరికితే కాగితం లేనివాడు బయటే నిలబడతాడు. అయిదు, డిశ్చార్జికి రెండేళ్లు ముందే మీ క్రెడిట్ల మొత్తం ఎంతయిందో యూనివర్సిటీ రికార్డుతో పోల్చి చూసుకోండి. అప్పుడు లోటు కనబడితే నాలుగు నెలల సాయంత్రాలతో పోతుంది. తరువాత కనబడితే ఉద్యోగమే పోతుంది.

ఫారాలు నింపడంలో సాయం కావలసినవారు సభ అయ్యాక నా దగ్గరకు రండి. పక్కనే కూర్చుని చూస్తాను. కోడ్లు మాత్రం మీ చేత్తోనే రాయిస్తాను.



జై హింద్.